చిన్నరసానికి ఎన్ని అక్షరాలు?

జి. కొండూరు నుంచి నూజివీడు దాకా ఉన్న తోటల మామిడి ధరలను రోజూ ఒక వెబ్ పేజీలో పెడుతున్నారనుకుందాం. రాయడానికి బ్రౌజర్‌లోనే నడిచే ఎడిటర్ ఉంది. శీర్షిక నాలుగు అక్షరాలు దాటితే కత్తిరించే చిన్న ఎక్స్‌టెన్షన్‌ను ఎవరో దానికి తగిలించారు. ‘చిన్నరసం’ అని మామిడి రకం పేరు కొడితే ‘చిన్’ మిగిలింది. మనం చదివితే చి, న్న, ర, సం... నాలుగే. జావాస్క్రిప్ట్ లెక్కలో మాత్రం ఎనిమిది. గుడి, పొల్లు, సున్న దేనికదే విడి సంకేతం.

అదే పదం ప్రోజ్‌మిర్రర్ ఎడిటర్‌లో పడితే మూడో లెక్క మొదలవుతుంది. అక్కడ పేరా ఆరంభానికి ఒకటి, ముగింపుకి ఒకటి కలుస్తాయి. పత్రంలో ఆ ఒక్క పేరానే ఉంటే పదం 1 దగ్గర మొదలై 9 దగ్గర ముగుస్తుంది, పేరా బయటికొస్తే 10. మూడు లెక్కలూ ఉత్త నంబర్లే. ఒకదాని బదులు ఇంకోటి పంపినా ప్రోగ్రాం కిక్కురుమనదు, చెరపకూడని చోట చెరిపేస్తుంది.

బ్రౌజర్‌కు తెలుగు నేర్పే పని మనవాళ్లకు కొత్త కాదు. 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియాను మొదలుపెట్టిన వెన్న నాగార్జున, దినపత్రికల సొంత ఫాంట్లను యూనికోడ్‌లోకి మార్చే ‘పద్మ’ అనే ఫైర్‌ఫాక్స్ ఎక్స్‌టెన్షన్ రాశారు. ఆ రోజుల్లో ఏ విలువ ఏ రకమో రాసేవాళ్లే గుర్తుపెట్టుకోవాలి. 2012లో మైక్రోసాఫ్ట్, జావాస్క్రిప్ట్‌కు రకాల తనిఖీ జోడించే టైప్‌స్క్రిప్ట్‌ను తెచ్చాక ఆ భారం కంపైలర్ మీద పడింది. ఎడిటర్లూ అదే దారి పట్టాయి. కోడ్‌మిర్రర్ 6ను టైప్‌స్క్రిప్ట్‌లోనే రాశారు, ప్రోజ్‌మిర్రర్ 2022లో అందులోకి మారింది.

అయితే టైప్‌స్క్రిప్ట్ వాడినంత మాత్రాన చిన్నరసం గట్టెక్కదు. దానికీ మూడు లెక్కలూ నంబర్లే కదా! ఇక్కడే అనుభవజ్ఞుల పద్ధతి ఒకటుంది. నంబర్‌కు ఒక ముద్ర వేసి ‘అక్షర సంఖ్య’, ‘సంకేత సంఖ్య’, ‘పత్ర స్థానం’ అని మూడు వేరు రకాలుగా ప్రకటిస్తారు. ఒకదాన్నుంచి ఇంకోదానికి మార్చే ఫంక్షన్లను ఒకే ఫైలులో ఉంచుతారు. ఆ దారిన కాకుండా అక్షర సంఖ్యను తెచ్చి, పత్ర స్థానం అడిగే మన ఫంక్షన్‌కు ఇస్తే, ఆ వరుస కిందే ఎర్ర గీత పడుతుంది. కంపైల్ అయ్యాక ముద్రలు చెరిగిపోతాయి కాబట్టి పేజీ మీద అదనపు బరువు ఏమీ ఉండదు. ఈ పనికి ఇంతకన్నా చవకైన రక్షణ నాకు కనబడలేదు.

దీని విలువ 2023లో మరీ తెలిసొచ్చింది. యూనికోడ్ 15.1 సంయుక్తాక్షరాల నియమాన్ని మార్చింది. పాత నియమంలో ‘న్న’ రెండు ముక్కలు, కొత్తదాంట్లో ఒకటే. అంటే బ్రౌజర్‌లోని అక్షరాలను విడదీసే సెగ్మెంటర్ పాతదైతే చిన్నరసం ఐదు, కొత్తదైతే నాలుగు. లెక్కలు కోడంతా చెల్లాచెదురుగా ఉన్నవాళ్లు ప్రతి ఫైలూ వెతుక్కోవాలి. రకాలు విడదీసుకున్నవాళ్లు ఆ ఒక్క ఫైలు సరిచేసుకుంటే చాలు.

కఠిన తనిఖీ, అంటే స్ట్రిక్ట్ మోడ్, మొదటి రోజే పెట్టుకోవాలి. ప్రోజ్‌మిర్రర్‌లో ఒక స్థానం దగ్గర ఏముందని అడిగితే ‘ఏమీ లేదు’ అనే జవాబు కూడా రావచ్చు. ఆ సంగతి తేల్చకుండా ముందుకెళితే కంపైలర్ ఊరుకోదు. బయటి నుంచి అతికించిన పాఠం, సర్వర్ నుంచి వచ్చిన పాత పత్రం దగ్గర మాత్రం కంపైలర్ హామీ పనిచేయదు. వాటిని ‘ఎనీ’ అని వదిలేయకుండా ‘అన్‌నోన్’గా తీసుకుని, పరీక్షించాకే లోపలికి రానివ్వాలి.

తెలుగు కోసం ఎడిటర్ ఎక్స్‌టెన్షన్లు రాస్తున్న మిత్రులకు ఒక మనవి. ప్యాకేజీతో పాటు టైపుల ఫైలు కూడా విడుదల చేయండి. మీ తర్వాత ఆ కోడు పట్టుకునే వారికి ఏ నంబర్ దేని లెక్కో దాన్ని చూస్తే తెలుస్తుంది.