దీపం ఆడించే బొమ్మలు

తోలుబొమ్మలాటకు చీకటి పడాలి. రెండు తెల్ల పంచెలు కలిపి కుట్టిన తెర, దాని వెనుక దీపాలు, ఆ రెంటి మధ్య బొమ్మ. మునుపు ఆ దీపాలు ఆముదంతో వెలిగేవి. తరువాత పెట్రోమాక్స్ వచ్చింది, ఇప్పుడు కరెంటు బల్బు. ఈ మార్పుతో ఆటలో ఏం పోయిందో ఆలోచించినవాళ్లు తక్కువ.

బొమ్మను తయారుచేసే తీరులోనే దీపం ఉంది. మేకతోలును నానబెట్టి, వెంట్రుకలు పోయేలా గీకి, లాగి ఆరబెడితే వెలుతురు ఇటువైపుకి దిగేంత పల్చనవుతుంది. రంగులు రెండు పక్కలా వేస్తారు. ఇక నగలు. సీతమ్మ మెడలో హారం చూడండి, అందులో ముత్యాలు రంగుతో దిద్దినవి కావు. ఉలితో ఒక్కొక్కటిగా పొడిచిన చిల్లులవి. వెనకనుంచి వచ్చే వెలుగే ముత్యమై మెరుస్తుంది. మంట కదిలితే హారమూ కదులుతుంది.

రాజసభ ఘట్టంలో మాట్లాడని పాత్రలను ముళ్లతో తెరకు గుచ్చి నిలబెడతారు. కదిలించే చెయ్యి లేదు, అయినా ఆముదం దీపం ముందు ఆ బొమ్మ ఊపిరి పీలుస్తున్నట్టే ఉంటుంది. అదే బొమ్మ బల్బు ముందు బిగుసుకుపోతుంది. బొమ్మను తెరకు ఆనిస్తే గీత గీతా తేటగా కనిపిస్తుంది, వెనక్కి లాగితే మసకబారి పెద్దదవుతుంది. హనుమంతుడు పెరగడమూ యుద్ధంలో వీరులు గిర్రున తిరగడమూ ఈ దూరం కొలత తెలిసిన చేతి పనే. చెక్కల మీద కాళ్లతో చేసే చప్పుడు, హార్మోనియం, మద్దెల దానికి తోడు.

పాత వెలుతురును తిరిగి తెచ్చుకున్నవాళ్లూ ఉన్నారు. లండన్‌లో 2014 జనవరిలో శామ్ వానమేకర్ ప్లేహౌస్ తెరిచారు. పదిహేడో శతాబ్దపు నాటకశాలల తీరులో కట్టిన ఆ చెక్క హాల్లో తేనెమైనం కొవ్వొత్తుల వెలుగులో నాటకాలు ఆడతారు. కొవ్వొత్తుల గుత్తులను ఘట్టాన్ని బట్టి పైకి లేపుతారు, కిందికి దింపుతారు. పాత నాటకాన్ని అది పుట్టిన వెలుతురులో చూడాలన్న పట్టుదల వాళ్లది. మన దగ్గర అలాంటిది కొత్తగా కట్టుకోవలసిన పని లేదు, ఆటగాళ్లు ఇంకా ఉన్నారు.

ధర్మవరం దగ్గరి నిమ్మలకుంట అలాంటి ఆటగాళ్ల ఊరు. ఆంధ్రప్రదేశ్ తోలుబొమ్మలకు 2008లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ ఊరి దళవాయి చలపతిరావుగారికి 2020లో పద్మశ్రీ ప్రకటించారు. అయినా అక్కడ చాలా ఇళ్లలో పూట గడిచేది ఆటతో కాదు, అదే తోలుతో చేసే లాంప్‌షేడ్లు, గోడబొమ్మలతో. ఆ పనితనాన్ని తక్కువ చెయ్యను, అది వాళ్లకు అన్నం పెడుతోంది. కానీ రామాయణం తెల్లవార్లూ ఆడగల గొంతుకలు లాంప్‌షేడ్‌తో బతకవు.

ఉత్సవాలు జరిపే పెద్దలారా, వీళ్లను పిలిచినప్పుడు ఫ్లడ్‌లైట్ల కింద అరగంట ఇచ్చి పంపకండి. మైదానంలో లైట్లు ఆర్పించండి. ఒక రాత్రంతా వాళ్లకివ్వండి, ఆముదం ఖర్చు మీరే పెట్టుకోండి.