కడ్డీ కింద మిగతా సగం

వర్లి బి.డి.డి. చాళ్లలో గది 160 చదరపు అడుగులు. అభిరుచి కొద్దీ నడిపే హామ్ రేడియోలో 7 మెగాహెర్ట్‌జ్ బ్యాండు మీద మాట్లాడడానికి వేసే మామూలు తీగ ఏరియల్ 20 మీటర్లు. చాళ్లలో వరండా అందరిదీ, డాబా అందరిదీ. తీగ కట్టుకోవడానికి రెండు వేపచెట్లున్న వాకిలి ఊళ్లోనే ఉండిపోయింది. 1920లలో కట్టిన ఈ చాళ్లలో, మిల్లు పనికి వచ్చి స్థిరపడ్డ మన తెలుగు కుటుంబాల్లో, రేడియో మీద మనసు పడ్డ పిల్లవాడు ఉంటే వాడికి డబ్బు కంటే ముందు అడ్డొచ్చేది జాగా.

ఆ అడ్డు దాటడానికి హామ్‌లు వాడే పాత ఉపాయం ఒకటుంది. కారు మీదా పడవ మీదా నిలబడే కడ్డీ ఏరియల్‌ను తెచ్చి కిటికీ ఊచలకు బిగించుకోవడం. ముంబయిలో ఆ సరుకుకు కొదవ లేదు. నిజాం రాజ్యం నుంచి కట్టుబడి పనులకు వచ్చిన మన కామాఠీల పేరు మీద వెలసిన కామాఠిపురకు ఒక పక్క లామింగ్టన్ రోడ్డు ఎలక్ట్రానిక్స్ దుకాణాలు, ఇంకో పక్క చోర్‌బజార్. మజ్‌గావ్ వైపు వెళితే పాత ఓడలు విడగొట్టే దారూఖానా.

కడ్డీని తెచ్చి ఊరికే తగిలిస్తే మాత్రం ఫలితం ఉండదు. మనం తెచ్చింది సగం ఏరియలే. పావు తరంగం పొడవున్న కడ్డీలోకి కరెంటు ఎక్కాలంటే, అంత కరెంటూ ఇంకో వైపుకు పారడానికి దారి కావాలి. కారుకు ఆ దారి దాని రేకు ఒళ్లు. పడవకు అడుగున లోహపు పలక, దాన్ని ఆనుకుని ఉప్పునీళ్లు. కడ్డీని విప్పినప్పుడు ఆ సగం అక్కడే ఉండిపోయింది. దాన్ని ఇంటి దగ్గర మళ్లీ సమకూర్చడమే ఈ విద్యలో ముప్పాతిక పని. కొత్తవాళ్లు కడ్డీ మెరుగుల మీద ఖర్చు పెట్టి దీన్ని వదిలేస్తుంటారు.

2 మీటర్ల బ్యాండుతో మొదలుపెడితే మంచిది. మన దేశంలో అది 144 నుంచి 146 మెగాహెర్ట్‌జ్. పాత ప్రీమియర్ పద్మిని లాంటి కార్లకు రేడియో కోసం పెట్టే, లాగితే సాగే ఏరియల్ ఇందుకు చక్కగా సరిపోతుంది. 49 సెంటీమీటర్ల దగ్గర ఆపితే చాలు. దానితో వచ్చే కేబుల్‌ను మాత్రం తీసేయాలి. అది వినడానికే చేసిన కేబుల్, ప్రసారానికి 50 ఓమ్‌ల కోయాక్స్ వేయాలి. కోయాక్స్ నడిమి తీగ కడ్డీకి, బయటి అల్లిక కింద కట్టిన నాలుగు రాగి తీగలకు. ఒక్కో తీగ అర మీటరుకు కాస్త పైన. వాటిని ఏటవాలుగా కిందికి వంచితే అడ్డంగా ఉన్నప్పుడు 36 ఓమ్‌ల దగ్గరుండే నిరోధం 50కి చేరుతుంది.

పడవల వి.హెచ్.ఎఫ్. కడ్డీ 156.8 మెగాహెర్ట్‌జ్‌కు కొలిచి చేసింది. అందువల్ల పావు తరంగం కడ్డీ మూడు నాలుగు సెంటీమీటర్లు పొట్టి పడుతుంది. స్టీలుకు సోల్డర్ సరిగా అంటదు కాబట్టి ఇత్తడి గొట్టం తొడిగి మరతో బిగించి పొడిగించాలి. ఫైబర్ గొట్టంలో మూసేసిన రకాన్ని పొడిగించలేం. దాన్ని ఎస్.డబ్ల్యు.ఆర్. మీటరు (పంపిన శక్తిలో ఎంత వెనక్కి తిరిగొస్తోందో చూపేది) పెట్టి చూశాకే కొనాలి. 27 మెగాహెర్ట్‌జ్ సిటిజన్ బ్యాండు కారు కడ్డీది ఎదురు సంగతి. రెండున్నర మీటర్లకు పైనుండే ఆ కడ్డీలోంచి 12 సెంటీమీటర్ల దాకా కత్తిరించి తీసేస్తే 10 మీటర్ల బ్యాండుకు వస్తుంది. ఒక్కసారిగా కోయకూడదు, కొద్దికొద్దిగా కోస్తూ మీటరు చూసుకోవాలి.

అసలు పరీక్ష 7 మెగాహెర్ట్‌జ్ దగ్గర. అక్కడ పావు తరంగం 10 మీటర్లు, మన చేతిలో ఉన్నది రెండున్నర మీటర్ల కడ్డీ. ఆ కొరత తీర్చడానికి తీగ చుట్టిన లోడింగ్ కాయిల్ పెడతారు. కాయిల్ అడుగున ఉంటే కడ్డీ రేడియేషన్ నిరోధం ఒక ఓమ్‌కు అటూఇటూ. కాయిల్, నేల కలిసి పది ఓమ్‌లు తింటే, పంపిన శక్తిలో పదో వంతు కూడా గాలిలోకి వెళ్లదు. కాయిల్‌ను కడ్డీ నడుముకు ఎక్కిస్తే కొంత మెరుగు. లావు రాగి తీగతో, చుట్టుకూ చుట్టుకూ మధ్య సందు ఇచ్చి చుడితే ఇంకొంత. ఇక్కడ మీటరు కూడా మోసం చేస్తుంది. ఏ సర్దుబాటూ చేయకుండానే ఎస్.డబ్ల్యు.ఆర్. 1 చూపిస్తే సంతోషించకండి. ఇంత పొట్టి కడ్డీ 50 ఓమ్‌లు చూపుతోందంటే మిగతాదంతా వేడిగా పోతోందన్నమాట.

కింది సగం కోసం పది మీటర్ల తీగలు రెండైనా గోడ వెంట వదలాలి. ప్రసారం చేసేటప్పుడు వాటి కొసల్లో ఓల్టేజి ఎక్కువ. పిల్లలు ఆడుకునే వరండాలోకి అవి రాకూడదు. ఇందులో రాజీ లేదు. ఉరుములు మొదలైతే కేబుల్ విప్పి బయట పెట్టాలి. వర్లి గాలిలోని ఉప్పు అతుకులను తినేస్తుంది కాబట్టి కనెక్టర్ల మీద రబ్బరు టేపు గట్టిగా చుట్టాలి.

ఆ ఉప్పే ఇంకో విధంగా వరం. సముద్రపు నీరు మామూలు నేల కంటే వందల రెట్లు మెరుగైన విద్యుత్ వాహకం. నిట్టనిలువు కడ్డీ ఒడ్డున ఉంటే దాని తరంగాలు దిగంతాన్ని ఆనుకుని దూరం పోతాయి. వర్లి నుంచి పడమటికి అరేబియా సముద్రం, దాని అవతల గల్ఫ్, ఆఫ్రికా. ఊళ్లో పెద్ద తీగ ఉన్నవాడికి లేని సౌకర్యం ఇది.

హామ్ రేడియో విలువ ఆపదలో తెలుస్తుంది. 2004 డిసెంబరు 26న సునామీ వచ్చినప్పుడు హామ్ ఆపరేటర్ భారతీ ప్రసాద్ రేడియో యాత్ర మీద అండమాన్ వెళ్లి పోర్ట్‌బ్లెయిర్‌లో హామ్ కేంద్రం నడుపుతున్నారు. ఆ యాత్ర వెనుక ఉన్నది హైదరాబాద్‌లోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో. ఫోన్లు పనిచేయని వేళ ద్వీపాల కబుర్లు ఆమె రేడియో మీద బయటికి వచ్చాయి. 2005 జులై 26న శాంతాక్రజ్‌లో ఒక్క రోజులో 944 మిల్లీమీటర్ల వాన పడ్డప్పుడు ముంబయి కూడా ఫోన్లు మూగబోవడమంటే ఏమిటో చూసింది. కారు బ్యాటరీ మీద నడిచే సెట్టు, కిటికీకి ఒక కడ్డీ ఉన్న ఇల్లు అలాంటి రోజున వాడ మొత్తానికీ ఆసరా.

ఇప్పుడు వర్లి చాళ్ల స్థానంలో టవర్లు లేస్తున్నాయి. అక్కడా డాబా సొసైటీ చేతిలోనే ఉంటుంది, మనకు మిగిలేది కిటికీయే. కడ్డీ దొరికింది కదా అని లైసెన్సు లేకుండా మైకు నొక్కకండి. 156.8 పడవల ఆపద చానెల్, హామ్ లైసెన్సు ఉన్నా అక్కడ మాట్లాడకూడదు. లైసెన్సు పరీక్షకు 12 ఏళ్లు నిండితే చాలు. ఇంట్లో ఆసక్తి ఉన్న పిల్లలుంటే రాయించండి, ఆడపిల్లలైతే మరీ ముఖ్యంగా.