ఒకే క్రిస్మస్, రెండు పడవలు

ఇంటిల్లిపాదీ ఒకచోట చేరితేనే పండుగ. మరి చుట్టూ నీళ్లే తప్ప పలకరించే మనిషి లేనివాడికి పండుగ ఏమవుతుంది? 1968 క్రిస్మస్ ఈ ప్రశ్నకు రెండు జవాబులు మిగిల్చింది. ఎక్కడా ఆగకుండా, ఒంటరిగా, తెరచాప పడవలో భూమిని చుట్టిరావాలన్న గోల్డెన్ గ్లోబ్ పోటీకి బయలుదేరిన తొమ్మిది మందిలో రాబిన్ నాక్స్-జాన్‌స్టన్, బెర్నార్డ్ మ్వాతెస్యే ఇద్దరు. ఆ పండుగ నాటికి నాక్స్-జాన్‌స్టన్ న్యూజిలాండ్ దాటి పసిఫిక్‌లో, దక్షిణ అమెరికా కొసనున్న కేప్ హార్న్ వైపు సాగుతున్నారు. మ్వాతెస్యే న్యూజిలాండ్‌కు ఇవతల, టాస్మన్ సముద్రంలో ఉన్నారు. ఆ రోజు గురించి ఇద్దరూ తమ పుస్తకాల్లో రాశారు. నాక్స్-జాన్‌స్టన్ ‘ఎ వరల్డ్ ఆఫ్ మై ఓన్’ 1969లో, మ్వాతెస్యే ‘ది లాంగ్ వే’ ఫ్రెంచి మూలం 1971లో వెలువడ్డాయి.

నాక్స్-జాన్‌స్టన్ పడవ ‘సుహైలి’ బొంబాయిలో టేకుతో కట్టిన 32 అడుగుల కెచ్ (రెండు స్తంభాల తెరచాప పడవ). అందులోని రేడియో నుంచి మాట పంపే వీలు పోయింది, వినే వీలు మాత్రం పోలేదు. నవంబరులో న్యూజిలాండ్‌లోని ఒటాగో దగ్గర కనిపించాక ఆయన బతికున్నారో లేదో ఇంట్లోవాళ్లకు తెలియదు. అయినా పండుగలో ఏ లాంఛనాన్నీ ఆయన వదిలిపెట్టలేదు. ముందు రాత్రి విస్కీ పోసుకుని, డెక్ మీద కూర్చుని క్రిస్మస్ పాటలు పాడుకున్నారు. మర్నాడు మాంసం, బంగాళాదుంపలు, బఠాణీలు వేటికవే వండి, ఎండుద్రాక్షతో పుడ్డింగ్ చేసుకున్నారు. అన్నీ ఒకే గిన్నెలో పడేసి వండుకోవడానికి అలవాటుపడ్డ మనిషి, తినేది తానొక్కడే అయినా వేరువేరుగా వండాడంటే అది ఆకలి కోసం చేసిన పని కాదు. మధ్యాహ్నం మూడింటికి బ్రిటన్ రాణి పేర గ్లాసు ఎత్తారు. ఆ రోజు అక్కడ కుటుంబాలన్నీ కలిసి వినే రాణి ప్రసంగం తన గడియారం ప్రకారం తెల్లవారుజామున ఆరింటికే అయిపోయింది, లేచి వినలేకపోయానే అని నొచ్చుకున్నారు. ఆ రాత్రి రేడియోలో అపోలో 8 వార్త విన్నారు. చంద్రుడి చుట్టూ తిరుగుతున్న ఆ ముగ్గురు వ్యోమగాములు లోకానికి విజ్ఞానం తెస్తుంటే, తన యాత్ర ఎవరికి పనికొస్తుందని తనను తాను నిలదీసుకున్నారు.

మ్వాతెస్యే ‘జాషువా’ ఉక్కుతో కట్టిన 39 అడుగుల పడవ. మాట్లాడే రేడియో వద్దని ఆయనే అన్నారు. కబురు పంపాలంటే ఫిల్మ్ డబ్బాలో చీటీ పెట్టి, ఎదురైన ఓడ మీదికి ఉండేలుతో విసిరేవారు. ఆ క్రిస్మస్‌కు గాలి పడిపోయింది. నాలుగు నెలల తేమలోనూ బూజు పట్టని హామ్ విప్పి, దాచుకున్న షాంపేన్ తీశారు. హామ్ కోసం ఆయన నోరూరిన తీరును రాసిన వాక్యాలు చదువుతుంటే మనకూ ఆకలి వేస్తుంది. కానీ విందుతో పాటే మనసు ఇల్లు దాటి మనిషి, ప్రాణి, సృష్టి అంటూ సాగుతుంది. ఎప్పుడో తన ఎదుటపడ్డ ఒక ఎలుక కూడా ఆ ఆలోచనల్లోకి వచ్చి చేరుతుంది.

వచనంలో మ్వాతెస్యేదే పైచేయి. నాక్స్-జాన్‌స్టన్‌ది లాగ్‌బుక్ శైలి, వండిన వరస, తాగిన వేళ చెప్పి ఊరుకుంటారు. అయినా పండుగను రాయడంలో నా ఓటు ఆయనకే. ఎక్కడో ఇంట్లో జరుగుతున్న పనిని ఇక్కడ తానూ చేయడమే ఆయనకు తెలిసిన బంధం. ఆ పేజీలో ప్రేమ అన్న మాట వెతకనక్కర్లేదు, రాణి ప్రసంగం తప్పిపోయిందన్న బాధ చాలు. మ్వాతెస్యే తన బంధుత్వాన్ని సకల ప్రాణికోటికీ పరిచారు. అది ఉదాత్తమైన చూపే, కానీ అంత పెద్ద కుటుంబంలో ఫ్రాన్సులో ఎదురుచూస్తున్న భార్యాపిల్లలు పలచబడిపోయారు.

తరవాత జరిగింది ఈ తేడాకు సాక్ష్యం. నాక్స్-జాన్‌స్టన్ 1969 ఏప్రిల్ 22న ఫాల్మత్ చేరి, ఎక్కడా ఆగకుండా ఒంటరిగా భూమిని చుట్టిన మొదటి మనిషయ్యారు. కేప్ హార్న్ దాటి అట్లాంటిక్‌లోకి వచ్చిన మ్వాతెస్యే మార్చిలో పోటీ వదిలేసి, మళ్లీ తూర్పుకే సాగి, జూన్‌లో తాహితి చేరారు. సాహసంలో ఒకరు ఎక్కువ, ఒకరు తక్కువ అని నేననను. కానీ కుటుంబ పండుగకు కావలసింది కుటుంబాన్ని గుర్తుచేసుకోవడం ఒక్కటే కాదు. వాళ్లు చేసే పనిని, మనం ఎంత దూరాన ఉన్నా, ఎవరూ చూడకపోయినా, శ్రద్ధగా చేయడం. నాక్స్-జాన్‌స్టన్ పుస్తకంలోని ఆ సాదా పేజీ గొప్పతనం అక్కడే ఉంది.