బట్ట మీది పువ్వు, బౌద్ధుల అనిత్యత

దివిసీమ అంచునున్న ఘంటసాలలోనూ గుడివాడలోనూ బయటపడిన బౌద్ధ శిథిలాలను అలెగ్జాండర్ రే 1894 నాటి గ్రంథంలో వివరించినప్పటి నుంచి కృష్ణా డెల్టా బౌద్ధమనగానే స్తూపాలూ రాతి పద్మాలూ గుర్తుకు రావడం పరిపాటి అయింది. అయితే అనిత్యతను, అంటే కారణాలు కూడి పుట్టినది ఆ కారణాలు విడిపోగానే గతిస్తుందన్న బోధను, పరిశీలించడానికి మచిలీపట్నం, పెడనల కలంకారీ పువ్వు అంతకంటే అనువైనది. ఈ అద్దకం బౌద్ధుల కళ కాదు; దాని లతలలో గోల్కొండ కాలపు పారశీక అభిరుచీ, 1611లో ఇక్కడ స్థావరం ఏర్పరచుకున్న ఇంగ్లీషువారి వంటి విదేశీ వర్తకుల గిరాకీ కనిపిస్తాయి.

కరక్కాయ పొడి, గేదెపాలు కలిపిన నీటిలో ముంచి ఆరబెట్టిన గుడ్డ మీద, తుప్పు ఇనుమును బెల్లం నీళ్లలో పులియబెట్టి తీసిన కసిమితో నల్లని గీతలు అద్దుతారు. ఎర్రబడవలసిన రేకుల మీద మాత్రం పటిక నీరు, అంటే రంగును నూలుకు పట్టించే ద్రావణం, అద్దుతారు. అప్పటికి ఆ రేకులో ఎరుపు జాడే ఉండదు. చిరువేరు అనే ఎర్రరంగు వేరుతోనో, తరువాత దాని స్థానంలోకి వచ్చిన అలిజరిన్ అనే కృత్రిమ రంగుతోనో మరిగించినప్పుడు పటిక తగిలిన మేర ఎరుపు తేలుతుంది. ఆ ఎరుపు వేరుదా, పటికదా, మంటదా అని విచారిస్తే ఏ ఒక్కదానిదీ కాదని తేలుతుంది; పరస్పరాధారంగా పుట్టడమనే ఈ సూత్రాన్నే బౌద్ధులు ప్రతీత్యసముత్పాదమన్నారు. బుద్ధునికి పూలు సమర్పిస్తూ, అవి వాడినట్లే దేహమూ నశిస్తుందని తలచుకునే థేరవాద ఆచారంలో వాడిపోవడమే ప్రధానం. అద్దకంలో పుట్టుక కూడా కంటబడుతుంది.

నశించే తీరు కూడా రంగు రంగుకూ వేరు. నీలిమందు మీద పసుపు వేసి తెచ్చిన ఆకుపచ్చలో వెలుతురుకు పసుపే ముందు ఎగిరిపోతుంది కనుక, మ్యూజియంలలోని పాత కలంకారీలలో ఆకులు తరచు నీలంగా మిగిలాయి. కసిమిలోని ఇనుము నూలును లోలోపలే తినేయడంతో నల్లగీత వెంబడే గుడ్డ చివుకుతుంది. ఎరుపు శతాబ్దాలు నిలుస్తుంది.

అనిత్యత ఎరిగినవారికి అబ్బుతుందని బౌద్ధులు చెప్పే అనాసక్తి, అంటే చేసినదానిని తనదని పట్టుకోకపోవడం, అన్న మాటను ఇక్కడ ఆచితూచి వాడాలి. అచ్చు చెక్కేవారు, అద్దేవారు, ఉడికించేవారు, పారే నీటిలో జాడించేవారు వేర్వేరు మనుషులైనా గుడ్డ మీద ఎవరి పేరూ ఉండదు. అందుకు కారణం కూలి పద్ధతే గాని వైరాగ్యం కాదు. ఇక రంగు వెలిసే సంగతికి వస్తే, కొన్నవారు గుడ్డను నీడలో, తిరగేసి ఆరవేసుకుంటే పసుపు ఇంకొన్నాళ్లు ఆగుతుంది. కసిమికి మాత్రం ఆ జాగ్రత్త పనికిరాదు.