కొబ్బరి నూనె గడ్డకట్టే చలి

డిసెంబరు వస్తే హైదరాబాద్ అశోక్‌నగర్ హాస్టల్ కిటికీల్లో కొబ్బరి నూనె సీసాలు ఎండకు నిలబడతాయి. నూనె 24 డిగ్రీల దగ్గరే పేరుకుంటుంది. షికాగోలో ఉన్న మనవాళ్లకు ఈ చలి సంగతి చెబితే నవ్వుతారు. 2019 జనవరి 30న అక్కడ సున్నాకు దిగువన 31 డిగ్రీలు. హైదరాబాద్ రికార్డు, 1946 జనవరి 8న నమోదైనది, 6.1 డిగ్రీలు. అంకెలు పక్కపక్కన పెడితే మనది చలే కాదనిపిస్తుంది. మనిషి ఎక్కడ పడుకుంటున్నాడో చూడకపోతే ఈ పోలికకు అర్థం లేదు.

షికాగోలో వేడి సరఫరా యజమాని చేతిలో ఉన్న అద్దె ఇళ్లలో, సెప్టెంబరు 15 నుంచి జూన్ 1 దాకా పగలు కనీసం 20 డిగ్రీలు, రాత్రి దాదాపు 19 ఉండాలి. నగర చట్టం అది, తప్పితే జరిమానా. బయట మంచు మోకాలి లోతున్నా లోపల లుంగీ కట్టుకుని తిరగొచ్చు. ఇక్కడ డాబా మీది రేకుల గదిలో, బయట 12 ఉంటే లోపలా ఇంచుమించు అంతే. గ్రూప్స్ ఉద్యోగ పరీక్షల కోసం పాలమూరు నుంచో ఆదిలాబాద్ నుంచో వచ్చిన కుర్రాడికి ఇంటి నుంచి తెచ్చుకున్న రగ్గే దిక్కు. నాలుగింటికి లేచి పుస్తకం తెరిస్తే వేళ్లు కొంకర్లు పోతాయి. బకెట్లో హీటర్ రాడ్ పెడదామంటే కరెంటు బిల్లని ఒప్పుకోని హాస్టళ్లున్నాయి. ఉన్న ఒక్క గీజర్ ముందు బకెట్ల వరస. "ఇదీ ఒక చలేనా?" అనేవాళ్లు ఆ గదిలో ఒక్క రాత్రి పడుకుని చూడాలి.

అక్కడ వీధిని మాత్రం మంచు మింగేస్తుంది. పారతో మంచు తవ్వి కారుకు చోటు చేసుకున్నవాడు అందులో పాత కుర్చీ పెట్టి పోతాడు. ఆ చోటు వాడిదని వీధి ఒప్పుకుంటుంది. ఆ కుర్చీలో ఎవరూ కూర్చోరు. అక్కడి మనవాళ్ల ముగ్గుల పోటీ కూడా హాల్లోనే.

మన దగ్గర చలి మనుషుల్ని వీధిలోకి తెస్తుంది. ధనుర్మాసంలో చిక్కడపల్లి వేంకటేశ్వరస్వామి గుడికి తెల్లవారకముందే మఫ్లర్లు, శాలువాలు బయల్దేరతాయి. నారాయణగూడలో చాయ్ గ్లాసును రెండు చేతులా పొదివి పట్టుకుంటారు. లోయర్ ట్యాంక్‌బండ్ వైపు ఊడ్చేవాళ్లు చెత్తకు నిప్పు పెట్టి చలి కాచుకుంటారు. ఈ చివరి దృశ్యాన్ని అందంగా వర్ణించేవాళ్లతో నాకు పేచీ. ఆ మంటలో ప్లాస్టిక్ కాలుతుంది. చలి వేకువల్లో నేల దగ్గరి గాలి చల్లబడి, బరువెక్కి, పైకి లేవదు. పొగంతా మంట చుట్టూ నిలబడ్డవాళ్ల ఊపిరితిత్తుల్లోకే పోతుంది. పనిబట్టలతో పాటు మంచి స్వెటర్ కూడా ఇస్తే వాళ్లకు ఆ మంటతో పనేముంది?

చలి ఎవరి బాధ్యతో రాసిపెట్టుకున్న ఊరు షికాగో. మనం ఎవరి రగ్గు వాళ్లకే వదిలేశాం. రేకుల గది అద్దెకివ్వకూడదని, వేడినీళ్లు తప్పక ఇవ్వాలని హాస్టళ్ల నిబంధనల్లో రెండు వాక్యాలు చేర్చడానికి ఎంత ఖర్చవుతుంది?

ఎనిమిదిన్నరకు చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయం ఆవరణలో ఎండ పడుతుంది. కుర్రాళ్లు కుర్చీలు ఎండలోకి లాక్కుంటారు. నీడ జరిగినకొద్దీ పుస్తకంలోంచి తల ఎత్తకుండానే కుర్చీ జరుపుకుంటారు.