రియోలో జరగని పోటీ

ప్రొఫెషనల్ రెజ్లింగ్‌లో ఎవరు గెలవాలో ముందే అనుకుంటారన్న సంగతి ఇప్పుడు చిన్నపిల్లలకీ తెలుసు. జరగనే జరగని పోటీలో ఒకణ్ణి గెలిపించడం మాత్రం పెద్ద పనితనమే. డబ్ల్యూడబ్ల్యూఈ ఇంటర్‌కాంటినెంటల్ బెల్టు అలా పుట్టిందే.

1979 జూన్‌లో ప్యాట్ ప్యాటర్సన్, టెడ్ డిబియాసీని ఓడించి నార్త్ అమెరికన్ చాంపియన్ అయ్యాడు. ఇది జనం కళ్లారా చూశారు. సెప్టెంబరుకల్లా కంపెనీ ఇంకో కబురు చెప్పింది: ప్యాటర్సన్ రియో డి జనీరోలో టోర్నమెంటు గెలిచి, దక్షిణ అమెరికా టైటిల్‌నీ తన దాంట్లో కలిపేసుకుని, ఇంటర్‌కాంటినెంటల్ చాంపియన్‌గా తిరిగొచ్చాడట!

ఈ అల్లిక చూడండి. సగం నిజం అప్పటికే ప్యాటర్సన్ నడుముకుంది. పేరులో ఖండాలు రెండున్నాయి కాబట్టి మిగతా సగం దక్షిణాన జరిగి తీరాలి. న్యూయార్క్ అభిమాని రియో పేపరు తెప్పించుకోడు. తెప్పించుకున్నా అది పోర్చుగీసులో ఉంటుంది.

ఊరు కూడా కొత్తగా వెతుక్కున్నది కాదు. 1963 జనవరిలో టొరంటోలో లూ థెజ్ చేతిలో బడ్డీ రోజర్స్ ఎన్‌డబ్ల్యూఏ (నేషనల్ రెజ్లింగ్ అలయన్స్) ప్రపంచ టైటిల్ పోగొట్టుకున్నాడు. ప్రమోటర్లు విన్స్ మెక్‌మాన్ సీనియర్, టూట్స్ మాండ్ట్‌లకు అది మింగుడుపడలేదు. మూడు ఫాల్స్‌లో రెండు గెలవాలి గానీ ఒక్కదానికే టైటిల్ చేతులు మారుతుందా అని అడ్డం తిరిగి, వేరు కుంపటి పెట్టారు; నేటి డబ్ల్యూడబ్ల్యూఈకి మూలం అదే. గుడికో స్థలపురాణం ఉన్నట్టు కొత్త బెల్టుకీ ఓ కథ కావాలిగా? రోజర్స్ రియోలో టోర్నమెంటు గెలిచాడన్నారు. ఫైనల్లో ఓడినవాడిగా ఆంటొనినో రోకాను ఎంచుకోవడం నాకు మరీ నచ్చింది. రోకా అర్జెంటీనా నుంచి వచ్చినవాడు. దక్షిణ అమెరికాలో అతను కుస్తీ పట్టాడంటే ఎవరు కాదంటారు?

ఆ ఏడాది మే 17న మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో బ్రూనో సమ్మార్టినో 48 సెకన్లలో రోజర్స్‌ని చిత్తుచేశాడు. ఏడున్నరేళ్లకు పైగా బెల్టు వదల్లేదు. రియో ఊసెత్తే అవసరం ఎవరికీ రాలేదు.

ప్యాటర్సన్ బెల్టుదీ అదే దారి. 1980లో కెన్ పటేరా చేతికొచ్చింది. 1987 రెజిల్‌మేనియాలో ర్యాండీ శావేజ్, రికీ స్టీమ్‌బోట్ దానికోసం తలపడిన ఆటను అభిమానులు ఇప్పటికీ గొప్పవాటిలో లెక్కేస్తారు.