ఎదుటివారి దగ్గరున్న ఉప్పు

నాగరికతను మొదటి నుంచి కట్టుకొచ్చే బోర్డు ఆటల గురించి అమెరికాలో మాట్లాడితే బాల్టిమోర్ పేరు రాక తప్పదు. ఫ్రాన్సిస్ ట్రెషమ్ 1980లో ఇంగ్లండులో తెచ్చిన ‘సివిలైజేషన్’ ఆటను అమెరికా ఇళ్లకు చేర్చింది బాల్టిమోర్‌లోని అవలాన్ హిల్ కంపెనీ. అక్కడ పనిచేసిన బ్రూస్ షెల్లీ తర్వాత అదే మేరీలాండ్‌లో, హంట్ వ్యాలీలో ఉన్న మైక్రోప్రోస్‌లో చేరి, సిడ్ మయర్‌తో కలిసి 1991లో అదే పేరుతో కంప్యూటర్ ఆట చేశాడు. ఆ కంప్యూటర్ ఆట వెలుగులో చెక్ దేశస్థుడు వ్లాదా ఖ్వాటిల్ 2006లో నాగరికతను మళ్లీ బల్ల మీదికి తెచ్చాడు. ఆ ఆట పేరు ‘త్రూ ది ఏజెస్’. ఇందులో సిడ్ మయర్ ఒక నాయకుడి కార్డుగా కూడా కనిపిస్తాడు. అంటే ట్రెషమ్ ఆటకూ ఖ్వాటిల్ ఆటకూ తాతామనవల వరస. రెంటినీ నడిపేది కొరతే. కానీ కొరత మనిషిని ఎటు నెడుతుందన్న దగ్గర రెండూ విడిపోతాయి.

ట్రెషమ్ ఆటలో ఒక్కొక్కరికి దక్కే బిళ్లలు ఇన్నే అని ముందే లెక్క. బిళ్లకు ఒకవైపు జనం, తిప్పితే ఖజానా. ఊరు కట్టడానికి అనువైన చోటైతే ఆరు బిళ్లలు, కాకపోతే పన్నెండు ఖర్చవుతాయి. తర్వాత ప్రతి నగరానికీ రెండేసి బిళ్లలు పన్ను కింద పక్కన పెట్టాలి. జనాన్ని విపరీతంగా పెంచితే పన్ను కట్టడానికి బిళ్లలు మిగలవు, నగరాలు తిరగబడి పరాయివాళ్ల పక్షం చేరతాయి. ఖజానా నింపుకుంటూ పోతే నేల మీద నిలబెట్టడానికి మనుషులుండరు. మనిషినీ డబ్బునూ ఒకే బిళ్ల రెండు ముఖాలుగా చేయడం నా దృష్టిలో ఆటల రూపకల్పనలోనే గొప్ప ఆలోచన.

ఖ్వాటిల్ ఆ ఆలోచనను ఇంకా లోపలికి తీసుకెళ్లాడు. అతని ఆటలో పటమే లేదు, ఎవరి పలక వాళ్ల ముందుంటుంది. పసుపు బిళ్లలు జనం. నీలం బిళ్లలు గాదెలో ధాన్యం, గనిలో సరుకు. నీలం బిళ్లల నిల్వ తరిగేకొద్దీ, అంటే సరుకు వాడకుండా పోగేసేకొద్దీ, అవినీతి పేరుతో కొంత కోత పడుతుంది. జనం పెరిగేకొద్దీ తిండి ఎక్కువ కావాలి, వాళ్లను సంతోషపెట్టడమూ కష్టమవుతుంది. అసంతృప్తి హద్దు దాటితే ఆ వంతులో ఉత్పత్తే ఆగిపోతుంది. తొలి యుగం మినహా, ఒక్కో యుగం ముగిసినప్పుడల్లా రెండు పసుపు బిళ్లలు పోతాయి. కాలమే కొరతను పెంచుతుందన్నమాట. రాజ్యాలు లోపలి నుంచి ఎలా కుళ్లిపోతాయో చూపడంలో ఇంత పొందికైన ఆట నాకు మరొకటి కనిపించలేదు. నేర్పును మాత్రమే కొలిస్తే మనవడిదే పైచేయి.

అయినా నా మొగ్గు తాత వైపే. కారణం వర్తకం.

ట్రెషమ్ ఆటలో నగరాలున్నవారికి సరుకుల కార్డులు వస్తాయి. ఉప్పు విలువ 3, ధాన్యం 4, బంగారం 9. ఒకే సరుకు ఎన్ని కార్డులుంటే ఆ సంఖ్య వర్గంతో విలువను గుణించాలి. విడిగా నాలుగు చేతుల్లో ఉన్న నాలుగు ఉప్పు కార్డులు తలా 3 చేస్తాయి. అవే ఒక చేతికి చేరితే 48. ఎదుటివారి దగ్గరున్న ఉప్పు కోసం మన ధాన్యం వదులుకోక తప్పదు, వాళ్లకూ అంతే. అందుకే ఆ ఘట్టంలో బల్ల చుట్టూ సంతబేరాలు చెలరేగుతాయి. ఆ కట్టల్లోనే అంటువ్యాధి కార్డు కూడా చాటుగా చేతులు మారుతుంది. రేవుల్లోకి సరుకుతోపాటు రోగం దిగిన చరిత్ర అంతా ఆ ఒక్క నియమంలో ఉంది. కరువు కార్డు మాత్రం చేతులు మారదు. వచ్చినవాడు అనుభవించాలి. అయితే కుండలు చేసే విద్య నేర్చి ఉంటే, చేతిలోని ధాన్యం కార్డులు కరువు దెబ్బను తగ్గిస్తాయి. గింజ ఉంటే చాలదు, దాచే కుండ కూడా కావాలి.

ఈ ఆట చూస్తే తెలుగువారికి మోటుపల్లి రేవు గుర్తుకు రావాలి. 1244లో కాకతీయ గణపతిదేవుడు అక్కడ వేయించిన అభయ శాసనం, గాలివానకు ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల సరుకును పూర్వపు రాజులు లాక్కునేవారని చెబుతుంది. తాను మాత్రం నిర్ణయించిన సుంకం తప్ప మరేదీ తీసుకోనని వర్తకులకు మాటిస్తుంది. దొరికిన సరుకు కంటే మళ్లీ వచ్చే ఓడ విలువైనదని ఆ రాజుకు తెలుసు. ట్రెషమ్ ఆటలో ఆ తెలివికి చోటుంది. పొరుగువాణ్ణి చితక్కొడితే వచ్చే వంతులో బేరానికి మనిషే ఉండడు.

‘త్రూ ది ఏజెస్’లో ఒప్పందాల కార్డులు కొన్ని ఉన్నా, ఇచ్చిపుచ్చుకోవడం ఆట గుండెకాయ కాదు. ఇతరులు ఎదురయ్యేది ముఖ్యంగా రెండు చోట్ల. వరసలో పరిచిన పదమూడు కార్డుల్లో మనం కోరుకున్నది ముందే తన్నుకుపోతారు. లేదా సైన్యం తక్కువైందని మీద పడతారు. వెనకబడినవాడే మళ్లీ దెబ్బ తినే ఈ ధోరణి నాకు బాధగా ఉంటుంది. గాంధీజీ కార్డు ఉంది. అది తీసుకుంటే మనం ఎవరి మీదా దాడి చేయకూడదు, మన మీదికి వచ్చేవాడికి ఖర్చు రెట్టింపు. ఆలోచన మంచిదే. కానీ అహింసను ఒక రక్షణ కవచంగా కుదించి, జనాన్ని కదిలించిన శక్తిని వదిలేసింది.

నీటిపారుదల కార్డు దగ్గరా అదే లోటు. అది ఉంటే ఒక్కో రైతు రెండేసి పాళ్ల తిండి పండిస్తాడు, అంతటితో సరి. తెలంగాణ గొలుసుకట్టు చెరువుల్లో పై చెరువు అలుగు పోస్తేనే కింది చెరువు నిండుతుంది. అక్కడ నీరు పొరుగు ఊరితో కుదిరిన ఏర్పాటు. ఎవరి పలక వాళ్లదైన ఆటలో ఆ సంబంధాన్ని చూపే చోటే లేదు. ట్రెషమ్ కూడా చెరువు తవ్వించలేదు. అతని ఆటలో నది అంటే ముంచే వరదే ఎక్కువ. కనీసం పటమైనా ఉంది కాబట్టి, పై ఊరు, కింది ఊరు అన్న ఊహకు ఆస్కారం మిగిలింది.

తాత ఆట లోపాలు చిన్నవి కావు. ఏడుగురు కూర్చుంటే పది గంటలు దాటినా ఆశ్చర్యం లేదు, మొదట్లోనే దెబ్బ తిన్నవాడికి సాయంత్రం దాకా ఓపిక కావాలి.

రెండు ఆటలూ తర్వాత నడిచిన దారులు వేరు. ‘త్రూ ది ఏజెస్’ 2015లో సవరించిన కూర్పుగా వచ్చి, 2017లో ఫోన్‌లోకి చేరింది. లెక్కలన్నీ యంత్రం చూసుకుంటుంది, ఎదుట మనిషి లేకపోయినా ఆట సాగుతుంది. ట్రెషమ్ ఆటను విస్తరించినవాళ్లు 2015లోనే ‘మెగా సివిలైజేషన్’ తెచ్చారు. దానికి కనీసం ఐదుగురు కావాలి, పద్దెనిమిది మంది దాకా ఒకేసారి ఆడవచ్చు. థాంక్స్‌గివింగ్ సెలవులకు నాలుగు తెలుగు కుటుంబాలు ఒక ఇంట్లో కలిస్తే, ‘మెగా సివిలైజేషన్’ పెట్టె తెరవమనే నేను చెబుతాను.